నోటి నీటి విలువ

రైలు స్టేషనులలోను, ఆసుపత్రి గోడలమీదను, కచేరీల మెట్ల మలుపులయందును "ఇచట ఉమ్మివేయరాదు" అను పలక కనబడని పట్టణము మన దేశమున అరుదు. ఆ పలక అవసరమైనదే. దాని క్రిందనే ఎర్రని మరకలు పడుచుండుటయు అందరెరిగినదే. కాని నోటియందు ఊరు ద్రవమును గూర్చి ప్రజలకు అందిన బోధ చాలవరకు ఈ నిషేధముతోనే ఆగిపోయినది. ఉమ్మి యనగా మురికి, ఎంగిలి యనగా అంటు. ఇంతకుమించి దానిని గూర్చి తెలిసికొనదగినది లేదను భావము చదువుకొన్నవారిలోను, చదువులేనివారిలోను సమానముగా నాటుకొన్నది. శరీరము దినమునకు అరలీటరు మొదలు లీటరున్నర వరకు తయారుచేయు ఒక ద్రవమును కేవలము పారవేయదగిన వస్తువుగా ఎంచుట చిన్న పొరపాటు కాదు. దాని ఫలితములు పండ్లమీదను, నాలుకమీదను, ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదను పడుచున్నవి.

ముందుగా మాటను గూర్చియే చెప్పవలసియున్నది. వాడుకలో "ఉమ్మి" అనునది మూడు వేరువేరు వస్తువులకు ఒకే పేరు. నోటి గ్రంథులలో ఊరు లాలాజలము ఒకటి. ఊపిరితిత్తులనుండి దగ్గుతో పైకివచ్చు తెమడ మరియొకటి. కిళ్ళీ, పొగాకు నమిలినవారు వెడలగ్రక్కు రసము మూడవది. క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొనెను. ఆ సూక్ష్మజీవి నివాసము ఊపిరితిత్తులు. రోగి దగ్గినపుడు వెలువడు సన్నని తుంపరలు గాలిలో తేలియాడి, ఇతరులు పీల్చు ఊపిరితో లోనికి పోవుటవలన ఆ వ్యాధి వ్యాపించును. కనుక పరీక్షకు కావలసినది తెమడ. అయినను రోగి చేతికి చిన్న డబ్బా నిచ్చి "ఉమ్మి తెండి" అని చెప్పుట పెక్కుచోట్ల పరిపాటి. రోగి ఆ మాటను అక్షరాల పాటించి, నోటిలోని తేటనీటిని డబ్బాలో వేసి ఇచ్చును. దానిలో క్షయక్రిములు కనబడకపోవుట వింతకాదు. రోగము లేదని అతడు నిశ్చింతగా ఇంటికి పోవును. దగ్గు మాత్రము ఇంటిల్లిపాదికిని పంచిపెట్టుచుండును.

ఇది పండితుల పదచర్చ కాదు. నోరు నీటితో పుక్కిలించి, ఇతరులకు దూరముగా ఆరుబయట నిలువబడి, రెండు మూడు మారులు నిండుగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుండి దగ్గి తీసిన చిక్కని తెమడ రెండు మొదలు ఐదు మిల్లీలీటర్లు కావలెనని విప్పి చెప్పినచో అట్టి పొరపాటు చాలవరకు తొలగును. కొన్ని ప్రాంతములలో దానిని గళ్ళ యందురు, మరికొన్నిచోట్ల కళ్ళె యందురు. ఏ ఊరిలో ఏ మాట చెల్లునో ఆ మాటనే వాడవలెను. ఉమ్మి అను మాటను మాత్రము ఆ సందర్భమున విడువవలెను.

ఇక అసలైన లాలాజలమును గూర్చి. దీనిని తయారుచేయు పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు చెంపలలో ఒక జత, దవడ యెముక క్రింద ఒక జత, నాలుక క్రింద ఒక జత. ఇవిగాక పెదవులలోను, బుగ్గలలోను, అంగిటిలోను సన్నని గ్రంథులు వందలకొలది కలవు. చెంపలోని గ్రంథినుండి నోటిలోనికి వచ్చు నాళమును డెన్మార్కు దేశీయుడైన నీల్స్ స్టెన్సెన్ 1660లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఒక గొర్రె తలను కోసి పరిశీలించుచు గుర్తించెను. నేటికిని ఆ నాళము ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. పైదవడలోని దంతములకు ఎదురుగా బుగ్గ లోపలివైపున చిన్న మొటికవలె నాలుకకు తగులునదే దాని ద్వారము.

లాలాజలమున నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు నీరే. మిగిలిన ఒక్క పాలులోనే దాని మహిమ అంతయు ఉన్నది. అన్నపు మెతుకును కొంతసేపు నమిలినచో తియ్యనగును. లాలాజలము పిండిపదార్థమును చక్కెరగా మార్చునని జర్మనీలోని న్యూరెంబర్గు నగరవాసి ఎర్హార్డ్ లాయిక్స్ 1831లో తెలియజేసెను. ఆ పని చేయు ఎంజైమును పూర్వపు పాఠ్యపుస్తకములు టయలిన్ అనుచుండెను. నేడు అమైలేజ్ అనుచున్నారు. ముద్ద జీర్ణాశయమును చేరిన పిదపకూడ, అచటి ఆమ్లము ముద్ద నడిమికి ఇంకువరకు, ఆ ఎంజైము కొంతసేపు పనిచేయుచునే యుండును.

అయితే ఇచట అతిశయోక్తికి తావీయరాదు. నోటిలో పూర్తికాని పనిని క్లోమరసము చిన్న ప్రేవులలో పూర్తిచేయును. కనుక త్వరగా తిన్నవానికి అన్నమే అరుగదనుట సత్యదూరము. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలో హొరేస్ ఫ్లెచర్ అను నతడు, ఆహారము నోటిలోనే ద్రవమై తనంత తాను జారిపోవువరకు నమలవలెనని బోధించి గొప్ప ప్రచారము పొందెను. ముద్దకు ముప్పదిరెండు మారులను లెక్కకూడ అట్టిదే. భోజనమును గణితముగా మార్చనక్కరలేదు. తొందరలేక నమిలినచో ముద్ద మెత్తనై, తడిసి, గొంతున సులభముగా దిగును. వృద్ధులకును పసివారికిని పొలమారు భయము తగ్గును. అది చాలిన ప్రయోజనమే. రుచియు లాలాజలము వలననే తెలియును; నాలుకను బాగుగా తుడిచి, ఆరిన నాలుకపై చక్కెర పలుకు నుంచినచో తీపి వెంటనే తెలియదు.

నోరు ఊరుటకు ఆహారము నోటిలో పడనక్కరలేదు. కొత్త ఆవకాయ వాసన తగిలిన చాలును. చింతకాయ పేరు విన్నను చాలును. రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కలయందు ఈ సంగతిని శోధించెను. జీర్ణక్రియను గూర్చిన కృషికి ఆయనకు 1904లో నోబెల్ బహుమానము లభించెను. భయము కలిగినపుడు దీనికి విరుద్ధముగా నోరెండును. మన ప్రాచీన ధర్మశాస్త్రములలో తండుల దివ్యమను పరీక్ష కలదు. నేరము మోపబడినవానిచేత బియ్యము నమిలించి ఉమ్మించెడివారు. దాని మూలమున నోరెండు సంగతియే ఉండవచ్చును. కాని నిర్దోషికిని న్యాయసభలో భయము కలుగునను సంగతిని ఆనాటివారు ఎంతవరకు ఆలోచించిరో!

లాలాజలము చేయు పనులన్నిటిలోను ఘనమైనది దంతరక్షణ. దీనిని గూర్చి ప్రజలకు తెలిసినది అత్యల్పము. పండ్లు పుచ్చుట పురుగు తొలుచుట కాదు. నోటిలోని కొన్ని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము కొంత మేరను మించినచో పంటిపైనుండు గట్టి పింగాణి పొరలోని కాల్షియము, ఫాస్ఫేటు కరగి పోవుట ఆరంభించును. ఆ క్షణమునుండి లాలాజలము రంగమున దిగును. తన క్షారగుణముచేత ఆమ్లమును విరచును. తనలో కరగియున్న కాల్షియము, ఫాస్ఫేటులను పంటికి తిరిగి అందించి, కరగిన పొరను పూడ్చును. ఇట్లు నోరు మరల సమస్థితికి వచ్చుటకు సుమారు అరగంట మొదలు ఒక గంట పట్టును. ఈ లోపుగా మరియొక బిళ్ళ, మరియొక గ్రుక్కెడు తియ్యని తేనీరు నోటిలో పడినచో పూడ్చుట ఆగి కరగుట మరల మొదలగును.

కనుక ఎంత తీపి తిన్నామనుదానికంటె ఎన్ని మారులు తిన్నామనునది పంటికి ముఖ్యము. స్వీడన్ దేశమున వీపెహోల్మ్ ఆసుపత్రిలో 1945 మొదలు జరిగిన పరిశీలనల ఫలితములు 1954లో ప్రకటింపబడెను. భోజనముతోపాటు తిన్న తీపివలన కంటె, భోజనముల నడుమ తిన్న బంకబంకగా అంటుకొను మిఠాయివలన పండ్లు మిక్కిలిగా పాడైనట్లు వాటివలన తేలెను. ఆ పరీక్షలు, తమ సమ్మతి తెలుపలేని మతిమాంద్యము గలవారిపై జరుపబడినవి. వారి పండ్లు పాడగునని తెలిసియే జరిపిన ఆ పని నేడు ఎవరికిని సమ్మతము కాజాలదు. వారి బాధ మూల్యముగా లభించిన జ్ఞానమును ఇతరులు మరచుట వారికి రెండవ అన్యాయము. మన ఆఫీసులలోను, అంగళ్ళలోను ఉదయమునుండి సాయంకాలమువరకు గంటకొక మారు చక్కెర తేనీరు త్రాగువారు పండుగనాడు నాలుగు బూరెలు తిన్న పిల్లవానిని పండ్లు పుచ్చునని మందలించుట వినోదకరము. ఆ పిల్లవాని నోటిలోని లాలాజలమునకు మిగిలిన దినమంతయు వ్యవధి కలదు. పెద్దవాని నోటికి ఆ వ్యవధియే లేదు.

నిద్రలో లాలాజలము ఊరుట దాదాపు నిలిచిపోవును. రాత్రి పండుకొనబోవునపుడు పండ్లు తోముకొనుట ఉదయపు తోముటకంటె ముఖ్యమనుటకు కారణమిదే. తెల్లవారగనే పందుంపుల్లయో, పళ్ళపొడియో చేతబట్టు నియమము మన ఇండ్లలో తరతరములుగా ఉన్నది. రాత్రి తోముకొను నియమము మాత్రము అంతగా పాదుకొనలేదు. చక్కెర కలిపిన పాలసీసాను నోటనుంచి పసిబిడ్డను నిద్రపుచ్చు తల్లులు ఈ సంగతిని ప్రత్యేకముగా గుర్తింపవలెను. ఆ పాలు రాత్రియంతయు ముందరి పండ్లచుట్టు నిలిచియుండును; వాటిని కడిగివేయు నీరు ఆ సమయమున నోటిలో ఉండదు.

లాలాజలమున సూక్ష్మజీవులను ఎదిరించు పదార్థములును కలవు. కన్నీటిలోను, లాలాజలములోను ఉండు లైసోజైమును అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో ప్రకటించెను. పెన్సిలిన్ అటుతరువాతి మాట. ఈ సత్యమును పట్టుకొని కొందరు ఉదయపు పాచినోటి ఉమ్మిని కండ్లకును, పుండ్లకును పూయవచ్చునని బోధించుచున్నారు. ఇది ప్రమాదకరము. నోరు తనకు అలవడిన కోట్లకొలది సూక్ష్మజీవులతో సమాధానపడి జీవించుచున్నది. అవియే కంటి నల్లగ్రుడ్డుమీది చిన్న గీతలో ప్రవేశించినచో చూపుకే ముప్పు. నోటికి కాపలాయైనది కంటికిని కాపలాయగునను నియమము లేదు.

ఇట్టి రక్షకద్రవమును మన దేశమున కోట్లమంది విషవాహికగా మార్చుకొనుచున్నారు. వక్కలోని ఒక రసాయనము లాలాజల గ్రంథులను బలవంతముగా ఊరించును. నోరు నిండుటకు, ఉమ్మవలసివచ్చుటకు అదియే కారణము. దానికి తోడైన సున్నము పొగాకులోని నికోటినును త్వరగా ఒంటికి ఎక్కించును. పొగాకులోని కాన్సరు కారకములు లాలాజలమునందే కరగి, బుగ్గలో ఏ మూల ఉండను నుంచుదురో ఆ మూలనే గంటలతరబడి నానవేయుచుండును. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు వినియోగ పరిశీలనలో, పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 21 మందికి పైగా నమలు పొగాకును, ఇతర పొగలేని పొగాకును వాడుచున్నట్లు తేలినది. తాంబూలము మంగళకరమనియు, పొగాకు లేనిచో దోషము లేదనియు తలచువారు చాలమంది కలరు. పెండ్లి విందు పిమ్మట ఒకనాడు నోట వేసికొన్న తాంబూలమును గూర్చి ఎవరును తగవులాడనక్కరలేదు. కాని పొగాకు లేని వక్కయు మనుష్యులకు కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది. నిత్యము వక్కపొట్లము జేబులో నుంచుకొనువారు ఈ మాటను తేలికగా తీసికొనరాదు.

వక్క నమలువారి బుగ్గలోపలి పొర క్రమముగా తెల్లబారి, పలకవలె బిగిసికొనిపోవు వ్యాధి యొకటి కలదు. 1952లో తూర్పు ఆఫ్రికాలోని భారతీయ స్త్రీలయందు ష్వార్ట్స్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. మరుసటి యేడు బొంబాయిలో ఎస్. జి. జోషి దీనిని గూర్చి వ్రాసెను. ముందుగా కారము తగిలిన నోరు మండును. పిమ్మట నోరు మునుపటివలె తెరచుకొనదు; తుదకు ముద్ద పట్టుటయే కష్టమగును. ఒకప్పుడు నడివయస్సువారి వ్యాధియైన ఇది, గుట్కా పొట్లములు చిల్లర కొట్లకెక్కిన పిదప యువకులలోను కనబడజొచ్చెను. ఆహారపదార్థములలో పొగాకును, నికోటినును కలుపరాదని 2011లో నిబంధన వచ్చినది. దానిని తప్పించుకొనుటకు వక్కపొడిని ఒక పొట్లముగాను, పొగాకును మరియొక పొట్లముగాను అమ్ముచున్న వర్తకులు కలరు. రెండింటిని కలుపు పని కొనువాని అరచేతికి అప్పగింపబడినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో వెలిగించిన చుట్టకొనను నోటిలోపల నుంచి కాల్చు అడ్డపొగ అలవాటు స్త్రీలలో చిరకాలమునుండి కలదు. అంగిటి కాన్సరునకు అది కారణమని ఆ ప్రాంత వైద్యులు 1950ల నాటినుండి చెప్పుచునే యున్నారు.

లాలాజలము ద్వారా వ్యాపించు రోగములు లేకపోలేదు. గవదబిళ్ళలు అట్టివి; చెంప వాచుటకు ముందే రోగి లాలాజలమున ఆ క్రిమి ఉండును. బిడ్డకు అన్నము నమిలి పెట్టుటవలన తల్లి నోటిలోని పండ్లు పుచ్చు సూక్ష్మజీవులు బిడ్డ నోటికి చేరును. పాత్రను పెదవులకు తగిలింపక ఎత్తి పోసికొని నీళ్ళు త్రాగు దక్షిణదేశపు అలవాటు ఈ దృష్టితో చూచిన మెచ్చదగినదే. అయితే ఎంగిలి భయము హద్దుమీరి క్రౌర్యముగా మారిన సందర్భములును కలవు. లాలాజలము వలనగాని, ఒకే కంచమున తినుటవలనగాని హెచ్.ఐ.వి. వ్యాపింపదు. ఆ రోగము గలవారికి వేరు కంచము, వేరు గ్లాసు పెట్టుట శాస్త్రము కాదు, వెలివేత.

నిజముగా భయపడదగిన లాలాజలము వెర్రికుక్కది. దాని కాటుతో ఒంటిలో ప్రవేశించిన విషక్రిమి నరముల వెంబడి మెదడును చేరును. లక్షణములు కనబడిన పిదప బ్రతికినవారు అత్యంత అరుదు. అయినను గాయమున కారము, సున్నము, ఆకుపసరు అద్దుట గ్రామములలో నేటికిని వినబడుచున్నది. చేయవలసినది వేరు. గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. ఆ కడుగుట కుక్క లాలాజలమును తొలగించుటకే. వెనువెంటనే ఆసుపత్రికి పోయి టీకా ఆరంభింపవలెను. గీరుకొనిపోయిన చర్మమును కుక్క నాకినను ఇదే విధి. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను పాత టీకా ఇప్పుడు లేదు. భుజమునకు ఇచ్చు కొలది మోతాదులు చాలును.

ఇన్ని సంగతులలోను ప్రజలును, వైద్యులును సమానముగా ఉపేక్షించునది నోరెండుట. వార్ధక్యమున నోరెండుట సహజమని ఇంటివారు సరిపెట్టుకొందురు. వయస్సుకంటె ఆ వయస్సున వాడు మందులే దానికి తరచుగా కారణము. అలెర్జీకి, మనోవ్యాకులతకు, రక్తపోటునకు, మూత్రవ్యాధులకు ఇచ్చు మందులలో పెక్కింటికి ఈ గుణము కలదు. తల, మెడ భాగముల కాన్సరునకు చేయు కిరణచికిత్స లాలాజల గ్రంథులను దెబ్బతీయును. స్వీడన్ నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వర్ణించిన వ్యాధిలో కండ్లును, నోరును కలిసి ఎండును. అది ఎక్కువగా స్త్రీలకు వచ్చును. మధుమేహము సంగతి చెప్పనక్కరలేదు. భారత వైద్య పరిశోధన మండలి పరిశీలన 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము మన దేశమున మధుమేహ రోగులు పది కోట్లకు పైబడియున్నారు.

నోరెండినవారు తమ బాధను రోగముగా చెప్పుకొనరు. అన్నము సహింపలేదందురు, కారము మండుచున్నదందురు, కట్టుడుపండ్లు నిలుచుట లేదందురు. ఉపశమనమునకు పిప్పరమెంటు బిళ్ళ చప్పరింతురు. అదే మిక్కిలి హానికరము. కడుగు నీరులేని నోటిలో చక్కెర నిలిచినచో కొద్ది మాసములలోనే చిగుళ్ళ అంచుల వెంబడి పండ్లు పుచ్చిపోవును. మాటిమాటికి కొద్దికొద్దిగా మంచినీరు చప్పరించుట, పొగాకు విడుచుట, ఫ్లోరైడు గల పేస్టుతో రెండుపూటల తోముకొనుట మేలు. మందులను తమంత తాము మానరాదు. వాడుచున్న మందుల చీటీలన్నిటిని వైద్యునికి చూపినచో ఆయన మార్పదగినదానిని మార్చును.

ఇపుడు గ్రామీణ ఆరోగ్యకేంద్రములలో ముప్పదియేండ్లు దాటినవారికి మధుమేహము, రక్తపోటులతోపాటు నోటి కాన్సరు పరీక్షయు చేయుట కార్యక్రమముగా ఏర్పడియున్నది. టార్చిలైటు పట్టి నోరు తెరిపించు ఆ నిమిషముననే మరి రెండు ప్రశ్నలు అడుగుట కష్టము కాదు: పొడి మెతుకులు మింగుటకు ప్రతి ముద్దకును నీళ్ళు కావలసివచ్చుచున్నవా? రాత్రివేళ నాలుక అంగిటికి అంటుకొని మెలకువ వచ్చుచున్నదా? అవునన్నవారిని రక్తములోని చక్కెర పరీక్షకును, దంతవైద్యుని వద్దకును పంపుట, వారు వాడు మందుల పేర్లు వ్రాసికొనుట తరువాతి పని. ఆ జవాబులను గుర్తించుటకు ఆశా కార్యకర్త నింపు పత్రమున రెండు గడులు చేర్చిన చాలును.